కావడి గాడి

చిపాకు పల్లె వాళ్ళ కావడి కొండ మలుపు తిరగకముందే వినబడుతుంది. అది వినబడ్డాకే ఆ కొండ పల్లెలన్నిటికీ పెద్ద అయిన అబా వాకిట్లో ఆడవాళ్ళు రోకళ్ళు ఎత్తుతారు. ఎవరూ పెట్టిన నియమం కాదు, ఏళ్ళ తరబడి అలా జరిగిపోతోంది. హాలిమున్ కొండల్లో కోతల పండగనాడు పల్లెపల్లె నుంచీ తమ వంతు ధాన్యం అబా ఊళ్ళోని పెద్దగాదెకి కావళ్ళ మీద వస్తుంది. ప్రతి పల్లెకీ ఒక కావడి, ప్రతి కావడికీ ఒక గొంతు. చిపాకు గొంతు అర్సిం అనే అతనిది.

అర్సింకి గర్వం లేదని వాళ్ళావిడ రుమ్సి కూడా అనదు. జీలుగు చెట్లెక్కి నీరా దించుతాడు, బెల్లం వండుతాడు, ఉన్న రెండు మడుల్లో వరి వేస్తాడు. ఏడాదంతా తలొంచుకుని బతికే మనిషి. పండగనాడు మాత్రం కావడి భుజానికెత్తగానే మెడ నిటారుగా లేస్తుంది. "మనిషి నచ్చి చేసుకోలేదు, కావడి నచ్చి చేసుకున్నా" అని రుమ్సి ఇప్పటికీ అంటుంది. ఆ మాటకి అర్సిం కోపం నటిస్తాడు, లోపల మురిసిపోతాడు.

ఆ మురిపెమే ఈసారి కొంప మీదికి తెచ్చింది.

నిరుటి పండగలో వాగవతలి చిసలాక్ కావడిని సానిప్ అనే కుర్రవాడు ఎత్తుకున్నాడు. భోజనాల దగ్గర ఎవరో ముసలావిడ, "ఈసారి చిసలాక్ కప్పలే గట్టిగా అరిచాయి కదమ్మా" అంది. కావడి చప్పుడు తొలకరి కప్పల అరుపులా ఉంటుంది కాబట్టి అందరూ అలాగే అంటారు. ఆవిడ ఏదో మాటవరసకి అంది. అర్సింకి మాత్రం ఆ మాట పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఏడాది పొడుగునా ఉండిపోయింది.

అందుకని పండగ ముందురోజు సాయంత్రం కొత్త బొంగు వెదురు ముందేసుకుని కూర్చున్నాడు. వెదురుకి రెండు కొసల దగ్గరా గాడి కోస్తారు. గాడిలో నల్లనార తాడు పడుతుంది, తాడుకి వరిపనలు వేలాడతాయి. మోసేవాడు నడుం ఊపుతూ నడిస్తే పనలు ఊగి, తాడు గాడిలో ఒరుసుకుని, వెదురు అరుస్తుంది. గాడి లోతైన కొద్దీ గొంతు లేస్తుంది. మరీ లోతైతే వెదురు నిలవదు. కావడి ఎత్తిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది, అర్సింకి అందరికన్నా బాగా తెలుసు. తెలిసి తెలిసి వెనక గాడిని ఇంకో నాలుగు పోట్లు కోశాడు.

బియ్యం చెరుగుతున్న రుమ్సి చూసి, "చాల్లేవయ్యా, అది వెదురు, కొబ్బరిబొండం కాదు" అంది.

"నీ చాట సంగతి నువ్వు చూసుకో" అన్నాడు.

తాడు మీద నాలుగు చుక్కలు కిరసనాయిలు చల్లి ఒకసారి ఊపి చూశాడు. పక్కింటి కుక్క లేచి మొరిగింది. అర్సిం నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే చిపాకు వాళ్ళంతా పొలం గట్టు మీద చేరారు. నల్ల చొక్కాలు, తలగుడ్డలతో మగవాళ్ళు, జడల్లో పూలతో ఆడవాళ్ళు. ఆరబెట్టిన పనలని దండెం మీదనుంచి దించి అర్సిం కావడికి వేలాడదీశారు. ఒకసారి భుజానికెక్కాక ఆ ధాన్యం పెద్దగాదె గుమ్మం దాకా నేల తాకకూడదు. భుజం మార్చుకోవచ్చు, మనిషి మారకూడదు. అది వట్టి వరి అని అక్కడి పసిపిల్లలు కూడా అనరు, పొహాచి తల్లి అంటారు. నేల తాకిందంటే ఆ భుజం మీద కూర్చోవడం ఇష్టంలేక తల్లి దిగిపోయిందని అర్థం. ఆ ధాన్యం గాదెలోకి పోదు. ఆ ఏడు ఎలకలు తిన్నా, తెగులు కొట్టినా, ఆ పల్లె పెద్దగాదె ముందు నిలబడి గింజలు అడగడానికి లేదు.

చిపాకుకి అది ఒకసారి జరిగింది. ఆ భుజం అర్సిం తండ్రి విర్తాది.

అప్పటికి అర్సింకి పాలపళ్ళు ఊడుతున్నాయి. తండ్రి పక్కనే నడుస్తున్నాడు. పెద్దగాదె కనబడుతున్న మలుపులో విర్తా పడ్డాడు, కావడి విరిగింది, పనలు దుమ్ములో పొర్లాయి. ఎవరూ అతన్ని తిట్టలేదు, కొట్టలేదు, ఒక్కొక్క గింజా ఏరి మూటగట్టి వెనక్కి తీసుకుపోయారు. "కాలు జారింది" అన్నాడు విర్తా. బతికున్నన్నాళ్ళూ ఆ రెండు మాటలే అన్నాడు, మూడో మాట ఎవరూ వినలేదు. పడే ముందు ఆయన కావడి అరిచినట్టు ఈ కొండల్లో మరే కావడీ అరవలేదని ముసలాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది తల్లి కోపంట. ఉండలేను, ఉండలేను అని అరిచి దిగిపోయిందట. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ ఏడే మడుల్లో ఎలకలు పడ్డాయి. కొత్త వరి చేతికొచ్చేదాకా చిపాకంతా కర్రపెండలం తిన్నారు. పండగ భోజనంలో ఒక్కో అరిటాకు చుట్టూ నలుగురేసి కూర్చుంటారు. విర్తా ఆకు దగ్గర ఆ తరవాత కొడుకు తప్ప ఇంకెవరూ కూర్చోలేదు.

విరిగిన కావడి ముక్కని విర్తా పొయ్యి మీది అటకలో పెట్టి, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆయన పోయాక కూడా దాన్ని ఎవరూ దించలేదు.

మీసాలు వచ్చీరాకముందే అర్సిం కావడి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పనలకి బదులు రాళ్ళు కట్టుకుని తడి గట్ల మీద నడిచేవాడు. చిపాకు పెద్దలు చాలాకాలం ఇవ్వడానికి జంకారు. చివరికి ఇచ్చినరోజు అతను ఎంత గట్టిగా ఊపాడంటే, మలుపు దగ్గరికొచ్చేసరికి పాత కథ ఎవరికీ గుర్తు రాలేదు. అప్పట్నుంచీ ఏటా ఆ కథ మీద కప్పల్ని అరిపిస్తూనే ఉన్నాడు. ఇంకొకడి కావడి తనకన్నా గట్టిగా అరిస్తే ఆ సందులోంచి తండ్రి పేరు మళ్ళీ బయటికి వస్తుందని భయం. గర్వం అని ఊరు అనుకునేదంతా ఆ భయమే.

వాగు దగ్గర చిసలాక్ వాళ్ళు కలిశారు. ఆనవాయితీగా చిపాకు కావడి ముందు, దాని వెనకే చిసలాక్ కావడి.

"ఏం బాబాయ్, కప్పలకి బెల్లం పెట్టి పెంచావా?" అన్నాడు సానిప్ వెనకనుంచి. "చెవులు చిల్లులు పడుతున్నాయి."

"నీ కప్పలకి జలుబు చేసినట్టుందిరా. కాస్త అల్లం తినిపించు."

జనం నవ్వారు. అర్సిం నడుం ఇంకాస్త ఊపాడు. కావడి కొండంతా దద్దరిల్లేలా అరిచింది. దారి పక్కన కెమెరాలు పట్టుకుని నిలబడ్డ పట్నంవాళ్ళు అతని వైపు తిప్పారు. వాగు దాటి ఎగువకి ఎక్కడం మొదలుపెట్టారు.

అప్పుడు వినబడింది. టిక్ మని, పొయ్యిలో ఉప్పురాయి చిటిలినంత చప్పుడు.

అర్సిం అడుగు ఆగలేదు గానీ గుండె ఆగింది. కాలికింద పుల్ల విరిగి ఉంటుందనుకున్నాడు. పది బారలు నడిచాడు. మళ్ళీ టిక్. ఈసారి భుజానికి తెలిసింది. వెదురు ఎముకలోంచి తన ఎముకలోకి సన్నగా దిగింది. వెనక గాడి.

వెనక్కి తిరిగి చూడ్డానికి లేదు. తిరిగితే పనలు ఎవరికో ఒకరికి తగులుతాయి. చేత్తో తడిమి చూడ్డానికి అందదు. మెడ వంచి కావడిని ఎడమ భుజానికి మార్చుకున్నాడు. మార్చే ఊపులో ఇంకోసారి చిటిలింది. ముఖాన చెమట పట్టింది. ఇంకా ఎంత దూరం? ఈ ఎగువ, తరవాత జీలుగు తోపు, రాతిమెట్లు, మలుపు. మెల్లగా ఊపితే సరిపోతుందేమో అనుకున్నాడు. మెల్లగా ఊపాడు.

చిత్రమేమిటంటే గొంతు తగ్గలేదు, పెరిగింది. చీలుతున్న వెదురు ముందుకన్నా పదునుగా, తీగ సాగినట్టు అరుస్తోంది. జనంలో కలకలం రేగింది. కెమెరాలవాళ్ళు పరిగెత్తుకుంటూ వస్తున్నారు.

"ఏం గొంతురా అది" అన్నాడు చిపాకు ముసలాయన ఒకడు, పక్కవాడి భుజం తట్టి. "నా వయసులో ఇలాంటిది ఇంకొక్కసారే విన్నాను."

ఎప్పుడు విన్నాడో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. 

అర్సింకి ఆనాడు తండ్రి పక్కన నడిచిన పిల్లవాడి చెవులు తిరిగొచ్చాయి. ఆ రోజూ ఇదే అరుపు. అరుపు కింద టిక్, టిక్ మని ఏదో. పురుగనుకున్నాడు. "నాన్నా, వెదుర్లో పురుగుంది" అన్నాడు. తండ్రి వంగి చూడలేదు. ముఖమంతా చెమటతో, నోరు బిగించి, ముందుకే నడిచాడు. దారి పొడిగా ఉంది ఆ రోజు. దుమ్ము లేస్తోంది. పొడి దారిలో, కొండల్లో పుట్టి పెరిగిన మనిషికి కాలెలా జారుతుందని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అర్సిం తనని తాను అడగలేదు.

"బాబాయ్" అన్నాడు సానిప్. గొంతులో వేళాకోళం లేదు. "వెనక గాడి దగ్గర గీత కనబడుతోంది."

"నీ కావడి నువ్వు చూసుకో."

"చూస్తున్నా. నీదే పెరుగుతోంది."

"నోరు మూసుకుని నడు."

సానిప్ నోరు మూసుకున్నాడు. అదింకా భయంగా ఉంది. తోపులో నీడలు పడ్డాయి. చెట్ల మొదళ్ళు దాటుతుంటే అర్సిం ఒక్కొక్క చెట్టునీ గుర్తుపట్టాడు, అన్నీ తను రోజూ ఎక్కేవే. ఈ చెట్టు దాకా నిలిస్తే ఆ చెట్టు దాకా నిలుస్తుంది అనుకుంటూ నడిచాడు. మింగలేడు, కక్కలేడు. ఆపితే కావడి మూగబోతుంది. మలుపు దగ్గర రోకళ్ళు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి ఏమీ వినబడదు. చిపాకు కావడి ఏదీ అంటారు. విర్తా కొడుకు కదా అంటారు. ఆపకపోతే...

ఆడవాళ్ళ వరసలోంచి రుమ్సి గబగబా ముందుకొచ్చింది. ఆవిడ ఇన్నేళ్ళూ ఆ గొంతు విన్నది. జనం మెచ్చుకుంటున్నది ఆవిడకి నచ్చలేదు.

"ఏమయ్యా, అది పాడుతున్నట్టు లేదు, ఏడుస్తున్నట్టుంది" అంది పక్కన నడుస్తూ.

"పగిలింది" అన్నాడు. ఆ మాట పైకి అనడానికి తోపులో సగం పట్టింది.

రుమ్సి ఒక అడుగు వెనకపడి, గాడి వైపు చూసి, మళ్ళీ అందుకుంది. ముఖం తెల్లబోయి ఉంది. నిన్నటి కొబ్బరిబొండం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే అర్సింకి కాస్త ధైర్యం వచ్చేదేమో.

"ఎంత?" అన్నాడు అర్సిం.

"కణుపు దాకా వచ్చేసింది. ఇంకోసారి గట్టిగా ఊగితే అంతే. ఆపు."

"మెట్లు దాటితే..."

"మెట్లు దాటనివ్వదు. ఆపవయ్యా."

రాతిమెట్లు కనబడ్డాయి. వాటి పైన మలుపు. మలుపుకి అవతల నుంచి జనం సందడి సన్నగా వస్తోంది. అర్సిం మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. వెదురు టిక్ అనలేదు ఈసారి, పెళ్ళుమంది. వెనక పన అంగుళం కిందికి జారింది.

అర్సిం నడుం ఆపేశాడు.

పనలు ఒకటి రెండుసార్లు ఊగి నిలిచాయి. కావడి మూగబోయింది. ఆ చప్పుడు పోయేసరికి కొండ మీద గాలి, జనం చెప్పులు, ఎక్కడో పసిపిల్ల ఏడుపు, అన్నీ వినబడ్డాయి. వెనకాల వరస వరసంతా ఆగిపోయింది. "ఏమైంది, ఏమైంది" అని గుసగుసలు పాములా కిందిదాకా పాకాయి. ఇన్నేళ్ళూ దేనికి భయపడ్డాడో అది వచ్చి ఎదురుగా నిలబడింది. అర్సింకి ఏడుపొచ్చింది.

"నా తలగుడ్డ తియ్యి" అన్నాడు. "గాడి మీద కట్టు."

"బోడితలతో అబా ముందుకి వెళ్తావా?"

"తియ్యి."

రుమ్సి తలగుడ్డ లాగి, పురి పెట్టి, పగిలిన చోట తాడుతో సహా చుట్టి బిగించింది. పొలంలో పనలు కట్టేటప్పుడు వేసే ముడే వేసింది, లాగిన కొద్దీ బిగుసుకునే ముడి. ముడి సరిగ్గానే పడింది. తాడు ఇక గాడిలో ఆడదు, వెదురు ఇక అరవదు.

"సానిప్" అన్నాడు అర్సిం. "ముందుకు రా. నువ్వు ముందు నడు."

"నేనా? చిపాకు ముందు చిసలాకా?"

"ఆడవాళ్ళు రోకళ్ళు పట్టుకుని నిలబడి ఉంటారు. ఎవడో ఒకడి గొంతు వినబడాలిగా. గట్టిగా ఊపు. మరీ గట్టిగా వద్దు."

సానిప్ మెట్ల అంచున జాగ్రత్తగా దాటుకుని ముందుకు పోయాడు. అతని కావడి అరవడం మొదలుపెట్టింది. కాసేపటికి మలుపు అవతల రోకళ్ళు పడ్డాయి, పడవంత రోళ్ళలో దడదడమని. అర్సిం ఆ చప్పుడు వేరొకడి కావడికి లేవడం మొట్టమొదటిసారి విన్నాడు.

తరవాతి నడక అతని జీవితంలో అన్నిటికన్నా కష్టమైన నడక. ఊపుతూ నడవడం ఒంటికి పట్టిపోయింది. ఊపకుండా నడవడం ఒంటికి తెలియదు. ఒక చేత్తో ముందు పన తాడుని ఒడిసి పట్టుకుని, మడమ ఆనించి, మెట్టు మెట్టుకీ ఊపిరి బిగబట్టి ఎక్కాడు. రుమ్సి వెనక పన కింద రెండు చేతులూ చాపి, తాకకుండా, పసిపిల్ల వెనక నడిచే తల్లిలా నడిచింది. ముడి కింద వెదురు అప్పుడప్పుడూ మూలిగింది. తండ్రి పడ్డ చోటు వచ్చింది. ఆ చోటులో ఏ గుర్తూ లేదు, కాస్త గడ్డి ఉంది. దాటాడు.

వాకిట్లోకి బోడితలతో, మూగ కావడితో, రెండోవాడిగా నడిచొచ్చిన అర్సింని చూసి జనం దారి ఇచ్చారు. పెద్దగాదె గుమ్మం దగ్గర నలుగురు చేతులు చాచి పనలు అందుకున్నారు. ముందు పన, తరవాత వెనక పన. బరువు పోగానే వెదురు ముడి లోపలే రెండుగా విచ్చుకుంది.

అబా గాదె అరుగు మీదనుంచి చూస్తున్నాడు. పెద్దమనిషి, ఎక్కువ మాట్లాడడు.

"ఏం అర్సిం, నీ కావడి ఇవాళ మాట్లాడలేదేం?"

రోకళ్ళు ఆగాయి. ఇన్ని కళ్ళ ముందు ఏం చెప్పాలో అర్సిం దారి పొడుగునా వెతుక్కున్నాడు. వెదురు పుచ్చిందనొచ్చు. రాయి తగిలిందనొచ్చు. కాలు జారబోయిందని కూడా అనొచ్చు, ఆ మాట ఇంట్లో ఉన్నదే.

"గాడి లోతుగా కోశాను అబా" అన్నాడు. "గొప్పకి పోయి కోశాను. దార్లో పగిలింది. ఊపితే విరుగుతుందని ఆపేశాను."

అబా పగిలిన వెదురు వైపు చూశాడు, అర్సిం తల వైపు చూశాడు.

"ధాన్యం నేల తాకిందా?"

"లేదు అబా."

"అయితే ఎక్కించండి. గాదెకి చెవుల్లేవు."

ఎవరో కిసుక్కుమన్నారు. రోలు దగ్గర ముసలావిడ, నిరుడు కప్పల మాట అన్నావిడే, "ముందు ఆ తల మీద ఏదన్నా కప్పండమ్మా, ఎండకి చట్టిలా మెరుస్తోంది" అంది. ఈసారి వాకిలంతా నవ్వింది. అర్సిం తల తడుముకున్నాడు. రోకళ్ళు మళ్ళీ లేచాయి. అంతే. చిపాకు ధాన్యం నిచ్చెనెక్కి గాదెలోకి పోయింది, వెనక మూడో పల్లె కావడి వచ్చింది, జనం అటు తిరిగారు.

భోజనాల దగ్గర అర్సిం అలవాటుగా అంచున ఒక ఆకు ముందు కూర్చున్నాడు. ఎవరూ పిలవకుండానే సానిప్ వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. వాడి వెనక చిసలాక్ వాళ్ళు ఇద్దరు.

"బాబాయ్, ఒక మాట" అన్నాడు సానిప్, ఎండుచేప తుంచుతూ. "తిన్నాక నా గాడి కూడా ఒకసారి చూసిపెట్టు. నిరుడు నేనూ కాస్త లోతుగానే కోశాను."

అర్సిం, "నోరు మూసుకుని తిను" అన్నాడు. ఆకు మీది అన్నం అతని వైపుకి తోశాడు.

పొద్దు వాలకముందే ఇంటికొచ్చి నిచ్చెన వేసి అటకెక్కాడు. రుమ్సి కింద నిలబడి, "ఏం వెతుకుతున్నావయ్యా" అంది. పొగకి నల్లబడ్డ వెదురు ముక్క దించి వాకిట్లో వెలుతురులోకి తెచ్చాడు. మసి తుడిచాడు. చీలిక గాడిలోంచి బయల్దేరి కణుపు దాకా తిన్నగా నడిచి ఉంది. పడి విరిగిన వెదురు అలా చీలదు. బొటనవేలు గాడిలో పెట్టాడు. గోరు దాటి వేలి మొదటి కణుపు దాకా దిగింది. పగిలిన తన కావడి పక్కనే ఉంది. దాని గాడిలోనూ పెట్టి చూశాడు. అంతే దిగింది.

"నాన్న కాలు జారలేదే" అన్నాడు రుమ్సితో. "విన్నాడు. నాలాగే విన్నాడు. ఆగడానికి సిగ్గుపడ్డాడు."

రుమ్సి పక్కన కూర్చుంది. అతను రెండు వెదుర్లూ ఒళ్ళో పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. ఆ రోజు నాన్న మెట్ల దగ్గర ఆగి ఉంటే ఏమయ్యేదో అతనికి ఇవాళే తెలిసింది. వాకిట్లో జనం కాస్త నవ్వేవాళ్ళు. తరవాత అందరూ భోజనాలకి లేచేవాళ్ళు.